అమ్మ పుస్తకాల కోసం నాన్నకు ఉత్తరం

1947 ఏప్రిల్ నెలాఖరులో బొంబాయి నుంచి దీనా వాడియా తన తండ్రికి ఉత్తరం రాశారు. తండ్రి మహమ్మద్ అలీ జిన్నా. పాకిస్తాన్ ఖాయమవుతున్న రోజులవి. ముందు అభినందనలు చెప్పి, తర్వాత ఓ చిన్న కోరిక కోరారామె. మలబార్ హిల్ ఇల్లు అమ్మేశారని విన్నాను, అమ్మ చదువుకున్న బైరన్, షెల్లీ, ఆస్కార్ వైల్డ్ పుస్తకాలు నాకిస్తారా అని.

ఆ తండ్రీకూతుళ్ల మధ్య మాటలు అంతంతమాత్రమై అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది. పార్సీ మూలాలున్న క్రైస్తవుడు నెవిల్ వాడియాను 1938లో దీనా పెళ్లాడటం జిన్నాకు మింగుడుపడలేదు. ఇన్ని లక్షల మంది ముస్లిం కుర్రాళ్లుండగా అతనే దొరికాడా అని ఆయన అడిగారట. ఇన్ని లక్షల మంది ముస్లిం అమ్మాయిలుండగా మీరు అమ్మనెందుకు చేసుకున్నారని కూతురు తిరిగి అడిగిందట. ఎం.సి. చాగ్లా తన ఆత్మకథలో రాసిన ముచ్చట ఇది. వాదనలో గెలుపు దీనాదే. అయినా పెద్దాయన మనసు ఇసుమంతైనా కదల్లేదు.

పార్సీ ఇంట పుట్టిన తల్లి రత్తీ కూడా ఇదే దారిలో నడిచిన మనిషి. మైనర్‌గా ఉన్న కూతుర్ని జిన్నా కలవకూడదని ఆమె తండ్రి సర్ దిన్షా పెటిట్ కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చారు. పద్దెనిమిది నిండగానే, 1918 ఏప్రిల్‌లో, ఆమె జిన్నాను పెళ్లి చేసుకున్నారు. పుట్టింటి తలుపు మూసుకుంది. తర్వాతి ఏళ్లలో రత్తీ మనసు విప్పింది హైదరాబాద్‌కు రాసిన ఉత్తరాల్లో, తన ఈడుదే అయిన సరోజినీ నాయుడి కూతురు పద్మజతో. సరోజినిదీ ఇంట్లో ఒప్పుకోని ప్రేమే. 1895లో ఆమెను ఇంగ్లండ్ పంపేశారు. తిరిగొచ్చాక, 1898లో మద్రాసులో గోవిందరాజులు నాయుడితో పెళ్లి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం. రత్తీ బాధ ఆ ఇంటికి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

దీనా ఉత్తరంలో పెళ్లి గొడవ ఊసే లేదు. ఎవరిది తప్పో తేల్చమనలేదు, క్షమాపణ అడగలేదు. తండ్రి దగ్గర మాత్రమే ఉన్న వస్తువును, ఇద్దరూ పోగొట్టుకున్న మనిషి వస్తువును అడిగారు. ఉత్తరం రాసే విద్యలో ఇంతకు మించిన నేర్పు ఉంటుందా! పట్టుదల వదులుకోకుండానే ఇవ్వగలిగే అవకాశం అందులో తండ్రికి దొరుకుతుంది. ఆ వేసవిలోనే పిల్లల కోరింత దగ్గు గురించి కూడా రాసి, జుహూకు రమ్మన్నారు. మీకు వీలుపడకపోతే నేనే కారులో వస్తానన్నారు.

జిన్నా వైపు నుంచీ ఒక కాగితం ఉంది. కూతురి పెళ్లయి ఏడాది తిరక్కుండానే, 1939 మే 30న రాసిన వీలునామాలో 2 లక్షల రూపాయలు పక్కనపెట్టి, నెలకు 1,000 రూపాయల చొప్పున ఆ ఆదాయం దీనాకు జీవితాంతం అందాలన్నారు. వకీలుగా అంత దయగా రాయగలిగిన తండ్రికి వీలునామాయే ఎందుకు కావాల్సి వచ్చింది? ఆ మాట బతికుండగా చెప్పే తండ్రులు పెరగాలి.

ప్రాణభయం ఉన్నచోట ఇలా మళ్లీ మాట కలపమనే సలహా చెల్లదు. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. అలాంటి ముప్పు ఉన్న ఇంటికి దూరంగా ఉండటమే కూతురికి రక్ష.

పంతం తప్ప పగ లేని ఇళ్లే మన చుట్టూ ఎక్కువ. వాట్సాప్‌లో బ్లాక్ చేసుకుని, పండక్కి చుట్టాల నోట కబుర్లు వినే ఇళ్లవి. అక్కడ కూతురు నాయనమ్మ ఫొటో అడగవచ్చు, చిన్నప్పటి టీకాల కార్డు అడగవచ్చు. అడిగిన వారంలోనే అది కొరియర్‌లో వెళ్లాలి. పార్శిల్‌లో పాత గొడవ గురించి చీటీ పెట్టకూడదు. కార్డుతో పాటు పాత స్కూలు ఫొటో ఒకటి కనిపిస్తే, అదీ పెట్టి పంపవచ్చు.