అడగని భాగానికే ముందు పెట్టాలి

పాత పికప్ బండి బేరానికి వచ్చినవాళ్లు ఇంజన్ స్టార్ట్ చేసి పొగ రంగు చూస్తారు. టైర్ల అరుగుదల చూస్తారు. తొట్టి అడుగున తుప్పు చూస్తారు. అనుభవం ఉన్నవాళ్లయితే కిందికి వంగి కమాన్ కట్టల్లో ఆకులేమైనా విరిగాయా అని కూడా చూస్తారు. ఆ కమాన్ కట్టల నడుమ, రెండు వెనక చక్రాలకూ మధ్యన, గుండ్రంగా ఉబ్బిన ఇనప హౌసింగ్ ఒకటి ఉంటుంది. తొట్టిలో ఎంత బరువు వేసినా దాన్ని కదిలించే బలం చక్రాలకు చేరేది అందులోని డిఫరెన్షియల్ గుండానే. దాని బిరడా విప్పించి, లోపలి ఆయిల్ చూసి బేరమాడినవాళ్లు మాత్రం నాకు చాలా అరుదుగా తగిలారు.

చూడకపోవడానికి కారణం ఉంది. ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోతే డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే వేడి ముల్లు పైకి లేస్తుంది. డిఫరెన్షియల్‌కు దీపం లేదు, ముల్లు లేదు, బయటికి లాగి మట్టం చూసుకునే పుల్ల కూడా లేదు. అది నోరు తెరిచి అరిచేసరికి లోపల పళ్లు అరిగిపోయి ఉంటాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. యంత్రాల దగ్గర ఈ సామెతను తిరగేసుకోవాలని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను. అడగని భాగానికే ముందు పెట్టాలి.

అది చేసే పని తెలిస్తే ఎవరికైనా దాని మీద గౌరవం కలుగుతుంది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం పెద్ద వలయంలో, లోపలి చక్రం చిన్న వలయంలో నడుస్తాయి. రెండు చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకుంటే, 90 డిగ్రీల మలుపు పూర్తయ్యేసరికి బయటి చక్రం దాదాపు 2.2 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. సందు మలుపైనా హైవే మలుపైనా ఈ తేడా అంతే. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించేస్తే ప్రతి మలుపులోనూ ఏదో ఒక టైరు నేల మీద ఈడ్చుకుపోవాలి, లేదా ఇరుసు మెలితిరగాలి. 1827లో ఒనెసిఫోర్ పెక్కర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం ఈ చిక్కు విప్పి పేటెంట్ తీసుకున్నాడు. నేటి పికప్పుల్లోనూ పనిచేస్తున్నది ఆ సూత్రమే. వెనక రెండు చక్రాలనూ జాకీ మీద లేపి, బండిని గేరులో ఉంచి, ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతుంది. పిల్లలకు చూపించాల్సిన దృశ్యం అది.

ఇక పళ్ల సంగతి. పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు చివరన ఉండే పినియన్, పెద్ద క్రౌన్ చక్రానికి సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త కిందుగా కలుస్తుంది. హైపాయిడ్ గేర్లంటే ఇవే. 1926లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ వీటిని తన కార్లలో వాడింది. షాఫ్టు కిందికి దిగింది కాబట్టి కారు అడుగు భాగాన్ని కూడా కిందికి దించుకోగలిగారు. బలం పెరిగింది, చప్పుడు తగ్గింది. కానీ ఈ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో సరిపెట్టుకోవు, గట్టిగా ఒత్తుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర నిలవదు. అందుకే ఈ ఆయిల్‌లో గంధకం, ఫాస్ఫరస్ కలిసిన మందులు వేస్తారు. పళ్లు వేడెక్కినచోట అవి ఇనుముతో కలిసి ఒక పలచని రక్షణ పొర కడతాయి. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటైన కంపు ఆ గంధకానిదే. డబ్బా మీద జీఎల్-5 అని ఉండేది ఇలాంటి గేర్ల కోసం. చిక్కదనం 80డబ్ల్యూ-90 కావాలో, 85డబ్ల్యూ-140 కావాలో బండితో వచ్చిన పుస్తకమే చెప్పాలి. మిగిలిన ఆయిల్‌ను గేరుబాక్సులో పోసేద్దామనుకోవడం మంచిది కాదు. అక్కడ సింక్రో రింగులు ఇత్తడివైతే ఈ మందులే వాటికి చెరుపు చేయవచ్చు.

నూజివీడు వైపున్న మా మామిడి తోట పనికి పాత బొలెరో పికప్ ఒకటి కొన్నప్పుడు, ఇంటికి తెచ్చాక నేను మొదట పట్టుకున్నది దాని వెనక హౌసింగునే. ఈ పని నాకు బెజవాడ ఆటోనగర్‌లో క్రౌన్ పనులే చేసే పెద్ద మేస్త్రీ ఒకాయన నేర్పాడు. ‘‘ముందు పై బిరడా ఊడిద్దో లేదో చూడండి సార్. అది ఊడకపోతే కిందది ముట్టుకోవద్దు’’ అనేవాడు. పై బిరడా ఆయిల్ పోసేది, కిందది దింపేది. ఏళ్ల తరబడి కదలని పై బిరడా తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది. ఆయిలంతా దింపేశాక అది ఊడి రాకపోతే, కొత్త ఆయిల్ పోయడానికి దారి లేక, ఉన్న ఆయిల్ కూడా పోయి, బండి అక్కడే కూర్చుంటుంది. ఏ పనికైనా వెనక్కి వచ్చే దారి చూసుకున్నాకే ముందడుగు వేయాలన్న పాఠం నాకు ఆ బిరడా దగ్గరే బాగా తలకెక్కింది.

బండిని కాసేపు నడిపి తెచ్చి ఆయిల్ వేడిగా ఉండగానే దింపాలి. వేడి ఆయిల్ పలచబడి, అడుగున పేరుకున్న మడ్డిని కూడా తీసుకుని దిగుతుంది. బండి చదును నేల మీదే ఉండాలి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. ఎత్తాల్సి వస్తే జాకీని నమ్ముకుని కిందికి దూరకూడదు, గట్టి స్టాండ్లు వేయాల్సిందే. కింది బిరడా ఆఖరి మరలు చేత్తో విప్పి పక్కకు తీయగానే ఆయిల్ ముందు లావుగా పడుతుంది, తర్వాత సన్నబడుతుంది, చివరికి చుక్కలవుతుంది. తొందరపడకుండా ఆ చుక్కలు ఆగేదాకా కూర్చోవాలి.

బండి గతం చదవాల్సింది అప్పుడే. చాలా బండ్లకు కింది బిరడా కొసన అయస్కాంతం ఉంటుంది. దాని మీద నల్లటి మెత్తని ముద్ద పట్టి ఉంటుంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూడాలి. కాటుకలా మెత్తగా జారితే భయం లేదు, అది ఏళ్ల అరుగుదల. గరగరమని రవ్వలు తగిలితే బేరింగులనో పళ్లనో అనుమానించాలి. పంటి ముక్క కనిపిస్తే ఆయిల్ మార్చి మూసేయడం ఆత్మవంచన, హౌసింగ్ విప్పించాల్సిందే. మా బండిలో ముద్ద మెత్తగానే ఉంది కానీ, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో దిగింది. అంటే లోపలికి నీళ్లు వెళ్లాయి.

నీళ్లు ఎలా వెళ్తాయో మన ప్రాంతంలో పికప్ నడిపే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. హౌసింగ్ పైభాగాన బ్రీదర్ అనే చిన్న గొట్టం ఉంటుంది. బరువుతో నడిచి వేడెక్కిన హౌసింగ్ వాగులో దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది. ఆ లాగుడుకు నీళ్లు బ్రీదర్ గుండానో, అరిగిన సీళ్ల గుండానో లోపలికి చేరతాయి. అదే బ్రీదర్ బురదతో మూసుకుపోతే కథ తిరగబడుతుంది. వేడికి పెరిగిన ఒత్తిడి ఆయిల్‌ను సీళ్ల మీదికి నెడుతుంది. ఆయిల్ ఇరుసు వెంట బ్రేకు డ్రమ్ములోకి పాకితే ఆ చక్రానికి బ్రేకు పట్టదు. వేలెడంత గొట్టం శుభ్రం చేయకపోవడం పల్లపు రోడ్డులో ప్రాణం మీదికి తెస్తుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ బ్రీదర్ విప్పి ఊది చూడాలని నేను అందరికీ చెప్పేది అందుకే.

కొత్త ఆయిల్‌ను పై రంధ్రం అంచు దాకా వచ్చి బయటికి కారడం మొదలయ్యే వరకూ పోయాలి, అక్కడ ఆపాలి. నీళ్లు కలిసిన హౌసింగ్‌కు ఒక్కసారి మార్చడం చాలదు. కొన్నాళ్లు నడిపి మరోసారి దింపితే మూలల్లో మిగిలిన తేమ కూడా పోతుంది. మేమూ అలాగే చేశాం, రెండోసారి ఆయిల్ తేటగా దిగింది. దింపిన పాత ఆయిల్‌ను కాలవలో పారబోయకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి అది కూడా వస్తుంది. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించేవాళ్లకు ఇవ్వాలి.

డిఫరెన్షియల్ కూత వినిపించాక చిక్కటి ఆయిల్ పోయించి చప్పుడు నొక్కేయడం కొందరికి అలవాటు. అమ్మకానికి ముందు ఆయిల్‌లో రంపపు పొట్టు కలిపే పాత మోసం గురించీ విన్నాం. చప్పుడు తగ్గినా అరుగుదల ఆగదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా కూత మారితే పినియన్ వైపు చూడాలి. మలుపుల్లోనే చప్పుడొస్తే డిఫరెన్షియల్ లోపలి స్టార్ గేర్లనో, చక్రాల బేరింగులనో చూడాలి. క్రౌన్, పినియన్ జంటగా ఒరిపిడి పెట్టి తయారైనవి, ఒకటి పోయిందని ఒక్కటే మార్చకూడదు. రెండూ కొని, షిమ్ములనే పలచని రేకులు వేసి, పళ్లకు రంగు పూసి ఒత్తిడి ఎక్కడ పడుతోందో చూసి బిగించే పనికి అయ్యే ఖర్చుతో పోలిస్తే, ఆయిల్ మార్పుకు అయ్యేది లెక్కలోకే రాదు.

పికప్ మన పల్లెల్లో ఒక కుటుంబం తిండి. కిస్తీలు కట్టేది దాని మీదే, పిల్లల ఫీజులు కట్టేది దాని మీదే. చేతులు మారిన ప్రతిసారీ దాని సర్వీసు చరిత్ర చెరిగిపోతుంది, కొత్త యజమానికి కిలోమీటర్ల అంకె ఒక్కటే మిగులుతుంది. కాబట్టి పాత బండి కొంటున్నవాళ్లకు నా మాట ఇది. రంగు వేయించే ముందు, సీటు కవర్లు కొనే ముందు, వెనక హౌసింగ్ ఆయిల్ మార్పించండి. మార్పించేటప్పుడు దగ్గరే ఉండి ఆ ముద్దను మీ వేళ్లతో మీరే నలిపి చూడండి. తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ పేరు ఒక పుస్తకంలో రాసి ఆర్సీతో పాటు ఉంచండి. రేపు బండి అమ్మినా ఆ పుస్తకాన్ని కొన్నవాళ్ల చేతిలో పెట్టండి.