7,866 గొట్టాలు, ఒక మరమ్మతు

కచేరీ హాలుకు మరమ్మతులంటే చాలు, పైప్ ఆర్గన్ మీద కళ్లు పడతాయి. స్టేజి వెనక గోడంతా తనదే అంటుంది, మోగేదేమో ఎప్పుడో ఒకప్పుడు. ఆర్కెస్ట్రాకు ఇంకాస్త చోటు కావాలి, ధ్వని నిపుణులకు కొత్త గోడ కావాలి. ఆర్గన్ తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్లు తక్కువ.

లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్ ఆర్గన్‌కు ఆ వకాల్తా ఆలస్యంగానైనా దొరికింది. రాల్ఫ్ డౌన్స్ రూపకల్పన చేస్తే, డర్హమ్‌కు చెందిన హారిసన్ అండ్ హారిసన్ కంపెనీ 1954లో పూర్తిచేసిన వాయిద్యమది. మొత్తం 7,866 గొట్టాలు. 2005లో హాలు మూసి పనులు మొదలుపెట్టినప్పుడు దాన్ని విప్పి డర్హమ్‌కు పంపేశారు. 2007లో తలుపులు తెరిచేనాటికి మూడో వంతే తిరిగొచ్చింది. మిగతా గొట్టాలు నిధుల కోసం ఎదురుచూస్తూ డర్హమ్‌లోనే ఉండిపోయాయి. విరాళాలు పోగయ్యాక, 2014 మార్చిలో గానీ పూర్తి ఆర్గన్ మళ్లీ పలకలేదు.

అసలు విప్పడం, బిగించడం ఇందులో తేలిక పని. కష్టమంతా వాయిసింగ్‌లో, అంటే ఒక్కో గొట్టం గొంతు సరిచేయడంలో ఉంది. గొట్టం అడుగున గాలి దూరే రంధ్రం ఎంత ఉండాలి, నోటి దగ్గర సందు ఎంత ఉండాలి అన్నది పనివాడు ఆ హాల్లోనే ఉండి, చెవితో విని, చేత్తో సరిచేస్తాడు. ఒకరు కన్సోల్ దగ్గర మీట నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు గొట్టాల మధ్య నిలబడి చిన్న పనిముట్టుతో సవరిస్తారు. ఇలా వేల గొట్టాలకు! హాల్లో పైకప్పు మారినా, గోడ పలక మారినా పాత కొలత పనికిరాకపోవచ్చు. పక్కన డ్రిల్లింగ్ మిషన్ మోగుతుంటే ఈ పని సాగదు. అందుకే కాంట్రాక్టర్లంతా వెళ్లిపోయాకే వీళ్ల వంతు. అప్పటికి ప్రారంభోత్సవం తేదీ నెత్తిమీదికి వచ్చేసి ఉంటుంది.

క్లీవ్‌లాండ్ సెవరెన్స్ హాల్‌లో సంగతి వేరు. స్టేజి పైన అటకలో ఉన్న స్కిన్నర్ ఆర్గన్ గొంతును, 1958లో ఆర్కెస్ట్రా ధ్వని హాల్లోకి మళ్లేలా స్టేజి చుట్టూ కట్టిన కొత్త షెల్ నొక్కేసింది. ఒక రకంగా అదే మేలైంది: ఎవరూ దాని జోలికి పోలేదు. స్టేజి వెనక కొత్త గదిలోకి మార్చాక 2001లో మళ్లీ వినిపించింది.

న్యూయార్క్ లింకన్ సెంటర్‌లోని కచేరీ హాలుకు అంత ఓపిక లేకపోయింది. 1962 నాటి ఈయోలియన్-స్కిన్నర్ ఆర్గన్‌ను 1976 మరమ్మతుల్లో వదిలించుకుంది. కాలిఫోర్నియాలోని క్రిస్టల్ కెథెడ్రల్ దాన్ని కొని, మరింత పెద్ద ఆర్గన్‌లో కలుపుకుంది. ఆ భవనం కాథలిక్కుల చేతికొచ్చి మరమ్మతులు మొదలైనప్పుడు ఆర్గన్‌ను ఇటలీలోని పాడువాకు పంపి బాగుచేయించారు. 2022లో అది మళ్లీ మోగింది. న్యూయార్క్ హాలు కూడా అదే ఏడాది కొత్త రూపంతో తెరుచుకుంది, పైప్ ఆర్గన్ లేకుండానే.