హీరో ఎగిరిపడే దూరం

మన సినిమాల్లో వెనక బాంబు పేలితే హీరో ఇరవై అడుగులు ఎగిరిపడి, చొక్కా దులుపుకుని లేస్తాడు. రోపు కట్టి లాగే ఫైట్ మాస్టర్ పనితనానికి వంక పెట్టలేం. కానీ నిజమైన పేలుడు ఆ షాట్‌ను ఒప్పుకోదు. గాల్లో వచ్చే తరంగం ముందు ఒత్తిడితో కొడుతుంది, ఆ వెనకే గాలి వీస్తుంది. వస్తువు ఎంత దూరం కదులుతుందనేది వాటి బలంతో పాటు అవి ఎంతసేపు నెట్టాయన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. చిన్న బాంబు దగ్గర ఆ నెట్టుడు కొన్ని మిల్లీసెకన్లే. వాతావరణ పీడనమంత అదనపు ఒత్తిడి అర చదరపు మీటరు మేర ఒంటి మీద పడి, 5 మిల్లీసెకన్లలో సున్నాకు దిగిందనుకుందాం. 70 కిలోల మనిషికి వచ్చే వేగం సెకనుకు సుమారు 1.8 మీటర్లు. గబగబా నడిచినంత! అందులో మూడో వంతు ఒత్తిడికే కర్ణభేరి చిరగవచ్చు, పూర్తి ఒత్తిడికి ఊపిరితిత్తులు దెబ్బతినడమూ మొదలుకావచ్చు. ఇరవై అడుగులు ఎగిరేంత దెబ్బ తిన్నవాడు లేచి డైలాగు చెప్పడం కల్ల.

మరి హాలిఫాక్స్ సంగతేమిటని అడగొచ్చు. 1917 డిసెంబరు 6న కెనడాలోని ఆ రేవులో మోంట్ బ్లాంక్ అనే మందుగుండు ఓడ పేలితే, అర టన్ను లంగరు కాడ దాదాపు 4 కిలోమీటర్ల అవతల పడింది. నిజమే, కానీ ఆ లంగరు పేలిన ఓడదే. పక్కనే పుట్టిన వాయువులు దాన్ని విసిరాయి, గాల్లో ప్రయాణించిన తరంగం కాదు. మన సినిమాల్లో సుమో బండ్లు గాల్లోకి లేవాలన్నా పేలుడు వాటి కిందే జరగాలి. పక్కన జరిగితే తలుపులు లోపలికి నొక్కుకుపోతాయి. హాలిఫాక్స్‌లోనే ఇంకో ఓడలోని నావికుడొకడు కిలోమీటరు దూరాన గుట్టమీద ఒంటిమీద బట్టల్లేకుండా, ప్రాణాలతో తేలాడు. వేల టన్నుల పేలుడులో నెట్టుడు చాలా ఎక్కువసేపు ఉంటుంది కనుక అది సాధ్యమైంది. కానీ అదే పేలుడులో సుమారు 1,800 మంది చనిపోయారు.

సినిమాలో ఇంత లెక్క ఎవరడిగారంటారా? హీరో ఎగిరితే నాకూ అభ్యంతరం లేదు. పేచీ అంతా, ఎగిరిపడకపోతే ప్రమాదం లేదనుకోవడంతోనే. వాతావరణ పీడనంలో పదిహేనో వంతు చాలు, కిటికీ అద్దం పగలడానికి. అప్పుడు వీచే గాలి గంటకు 60 కిలోమీటర్లే, మనిషి తూలుతాడంతే. తేలికైన గాజు పెంకులు మాత్రం కత్తుల్లా దూసుకొస్తాయి. హాలిఫాక్స్‌లో తగలబడుతున్న ఓడను కిటికీల్లోంచి చూస్తున్న ఎందరో కళ్ళు పోగొట్టుకున్నారు. 2020లో బీరూట్ పేలుడులోనూ గాజు ఎందరినో గాయపరిచింది. దూరంగా పెద్ద వెలుగు కనిపిస్తే, తరంగం చేరడానికి కిలోమీటరుకు ఇంచుమించు 3 సెకన్లు, ఇంకా తక్కువ కూడా పట్టవచ్చు. ఫోన్ తీయకండి, కిటికీ వదిలి గోడ చాటుకు వెళ్ళండి.