మొత్తం ఎంత అని అడగొద్దు

అప్పుల్లో ఉన్న మనిషికి సలహా చెప్పేవారికి లెక్కలు రావడం ఎంత అవసరమో, అడిగే తీరు తెలియడం అంతకన్నా అవసరం. ముస్తాబాద్ పల్లెల్లో సాంచెలు (మరమగ్గాలు) ఆగిన రోజుల్లో చేసిన అప్పు, దుబాయ్ వీసా కోసం ఏజెంటుకు కట్టిన అప్పు, బోరు పడక మిగిలిన అప్పు, బిడ్డ పెండ్లి అప్పు ఒకే ఇంట్లో ఉండొచ్చు. అందులో కొన్ని భర్తకు తెలియవు, కొన్ని భార్యకు తెలియవు.

కూర్చోగానే "మొత్తం ఎంత అప్పుంది?" అంటే నిజం బయటికి రాదు. బీడీలు చుట్టే అక్క చాటలోని ఆకుల మీంచి కళ్లెత్తకుండా "ఓ లక్ష ఉంటది సార్" అంటుంది. "అక్కా, ఈ నెల ఎవరెవరికి కట్టాలె? ముందుగాల ఎవరొస్తరు?" అని అడిగి చూడండి. సంఘం కిస్తీ, ఫైనాన్సోళ్ల వారం కిస్తీ, చిట్టీ, కుదువ పెట్టిన పుస్తెలతాడు మీది మిత్తి ఒక్కొక్కటే వస్తాయి. మధ్యలో ఆమె ఆగుతుంది. అప్పుడు మనం నోరు మెదపకూడదు. ఆ తర్వాత చెప్పేదే చాలాసార్లు అసలు అప్పు.

"గంత మిత్తికి ఎందుకు తెచ్చినవ్?" అన్నామా, ఇక ఆ ఇంట్లో మనకు మాట ఉండదు. నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం, లక్షకు 36 వేలు. ఆ లెక్క ఆమె చేతే కాగితం మీద వేయించాలి. ఏది ముందు తీర్చాలో అప్పుడు ఆమే చెబుతుంది.

మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడి ప్రాణాల మీదికి తెచ్చిందన్న ఆందోళనతో 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది. అలాంటి రోజులు చూసిన ఊళ్లలో ఫైలు పట్టుకుని వచ్చిన మనిషిని చూస్తే గుండె జారడం సహజం. రిజర్వు బ్యాంకు 2009లో రుణ సలహా కేంద్రాల పథకం రాసినప్పుడే, సలహా ఉచితంగా ఇవ్వాలని, ఆ కేంద్రం తన బ్యాంకుకు ఎడంగా ఉండాలని, వీలైతే బ్యాంకు ఆవరణలో పెట్టొద్దని చెప్పింది. చాలా తెలివైన నియమం అది.

బ్యాంకు మేనేజర్లకు నా విన్నపం ఒక్కటే. సలహా చెప్పే మనిషిని రికవరీ జీపులో ఎక్కించి ఊళ్లోకి పంపకండి. సంఘం మీటింగులో పదిమంది ముందు ఒకరి అప్పు చదివించకండి.