చిన్న రాళ్లు – సన్నని పొర

మా యింటికి క్రొత్త కారు వచ్చి నేటికి ఇరువది మూడు దినములైనది. అందు మొదటి పదునారు దినములు అది నరసరావుపేటలో మా ముంగిటి వేపచెట్టు నీడను, సీట్లకు తొడిగిన ప్లాస్టిక్ కవర్లైనను విప్పబడక, ఒక నిర్ణయము కొరకు నిరీక్షించుచు నిలిచియుండెను. దాని రంగుమీద పీపీఎఫ్ అను పారదర్శకమైన రక్షక ఫిల్ము అంటింపవలెనా, వలదా యనునది ప్రశ్న. అమ్మాయి పెండ్లి సంబంధము విషయమున సైతము నేనింతకాలము ఆలోచింపలేదని మా యావిడ యనుచున్నది; ఆ మాటలో నిజము లేకపోలేదు.

ఈ సందేహమునకు బీజము షోరూములోనే పడినది. తాళములతో, మిఠాయి డబ్బాతో పాటు ఒక ధరల కాగితమును గూడ నా చేతనుంచి, అచ్చటి యువకుడు "పీపీఎఫ్ వేయించుకోండి సార్, పదేళ్లయినా బండి కొత్తదానిలా ఉంటుంది" అనెను. పది సంవత్సరములు క్రొత్తగా నుండిన వస్తువును నేనింతవరకు చూచి యెరుగను గనుక నవ్వి యూరకుంటిని. కాని యింటికి వచ్చు త్రోవలో మా పాత కారు మొగము జ్ఞప్తికి వచ్చినది. పిడుగురాళ్ల, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లలోని మా అమ్మాయి యింటికి వారమున కొక పర్యాయము చొప్పున పదకొండేండ్లు నన్ను త్రిప్పిన ఆ కారునకు, బానెట్టు అంచున, బంపరు మీద, అద్దముల చిప్పలమీద మశూచికము పోసిన మొగమునకువలె మచ్చలుండెను. కొనవచ్చిన బేరగాడు వానిని వ్రేలితో ఒక్కొక్కటిగా తడవుచు, ఇంజను శబ్దమునైనను వినకమునుపే, ధర తగ్గించుకొనుచు పోయెను.

పల్నాటి పల్లెలను గూర్చి శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటుపద్య మొకటి యీ సీమలో చాలమందికి నోటికి వచ్చును. అందు మొట్టమొదట పేర్కొనబడినవి చిన్న రాళ్లే. పాములును తేళ్లును ఆ తరువాతనే వచ్చును. పలనాటి వీరచరిత్రమును ద్విపదలో రచించిన ఆ కవిసార్వభౌముడు మా రాళ్లను నిందించెనని చిన్నతనమున మాకు కోపముగా నుండెడిది గాని, వాహనము నడుపుట నేర్చిన పిదప ఆయన క్రమము తప్పని గణకుడని నాకు తోచినది. ఆనాడు బాటసారి పాదమునకు తగిలిన ఆ సున్నపురాయియే నేడు పిడుగురాళ్ల బట్టీలకును, మాచర్ల, దాచేపల్లి ప్రాంతముల సిమెంటు కర్మాగారములకును ప్రాణాధారమై, లారీలెక్కి రేయింబవళ్లు సంచరించుచున్నది. అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారిపై పిడుగురాళ్ల దాటి పొందుగుల వద్ద కృష్ణానది వంతెన చేరువరకు ఎన్నడైన ప్రయాణించినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ముందుపోవు లారీ చక్రపు గాళ్లలో ఇరికిన కంకరముక్క విదలి గాలిలోనికి లేచిన క్షణమున, వెనుక గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగమున వచ్చుచున్న మన కారునకు, ఆ రాయి గాలిలో కదలక నిలిచినదైనను, ఎనుబది కిలోమీటర్ల వేగమున వచ్చి తగిలినట్లే యగును.

ఆ దెబ్బను కాచుకొనవలసిన రంగు ఎంత పలుచనిదో తెలిసికొన్నప్పుడు నేను విస్మయము చెందితిని. తుప్పు పట్టకుండ రేకునకు విద్యుచ్ఛక్తిచే పట్టింపబడిన ప్రైమరు, ఆపై రంగు, ఆ రంగుపై నిగనిగలాడు క్లియర్ కోటు, ఇవన్నియు కలిసి ఇంచుమించు 100 నుండి 150 మైక్రాన్లు. అనగా రెండు తలవెండ్రుకలను ఒకదానిపై నొకటి పేర్చిన మందము. రాయి ఈ పొరలను చీల్చి రేకును తాకెనేని, మొదటి మంచుతోనే తుప్పు ప్రవేశించును. "పోతే పోయె, మరల రంగు వేయించిన చాలదా, అది చవుక గదా" యను వాదము నాకును నచ్చినదే. కాని కర్మాగారమున రంగు ఆరబెట్టునది వట్టి రేకు మీద, ఇంచుమించు 140 డిగ్రీల వేడిమిలో. బాగుచేయు షెడ్డులో నట్లు చేసినచో రబ్బరును ప్లాస్టిక్కును చెడిపోవును గనుక, అచ్చట ఇంచుమించు 60 డిగ్రీలతోనే సరిపెట్టుకొనవలెను. కావున మొదటి రంగు మొదటిదే. రెండవది యెంత నేర్పరి వేసినను రెండవదే.

ఇక ఈ ఫిల్ము వంశచరిత్ర యుద్ధభూమిలో ఆరంభమైనది. వియత్నాము యుద్ధకాలమున అమెరికా సైన్యపు హెలికాప్టర్ల రెక్కల అంచులు ఇసుకచేతను రాళ్లచేతను అరిగిపోవుచుండగా, వానిని కాపాడుటకై త్రీఎమ్ కంపెనీవారు దీని మూలరూపమును సిద్ధపరచిరని చెప్పుదురు. పిమ్మట పందెపు కార్లకును, తుదకు గృహస్థుల కార్లకును సంక్రమించినది. నేడు మేలుజాతి ఫిల్ము థర్మోప్లాస్టిక్ పాలీయురిథేనుతో, 150 నుండి 200 మైక్రాన్ల మందమున వచ్చుచున్నది. అనగా కాపు కాయుచున్నది, కాపాడబడు రంగుకంటె మందమైనది! దీనిపేర పీవీసీ ఫిల్మును అంటగట్టువారును కలరు. నేను మొదట విచారించిన దుకాణమువాడు అట్టిదానినే చూపెను. పట్టి లాగిచూడగా సాగక బిగుసుకొన్నది. అది యెండకు త్వరలోనే పసుపువారి పెళుసుబారును. ఫిల్ము అనగానే మా పొరుగువారు పోలీసులు పట్టుకొందురని భయపెట్టిరి గాని, 2012 ఏప్రిల్ 27 నాడు సుప్రీంకోర్టు నిషేధించినది కిటికీ అద్దముల మీది నల్లఫిల్మును. రంగుమీది యీ పారదర్శకమైన పొరకు దానితో చుట్టరికము లేదు.

చూడనిదే నమ్మని స్వభావము నాది. కావున గుంటూరిలో ఈ పని చేయు మరియొక చోటికి పోయి, అనుమతి గైకొని, ఒక మూల కుర్చీ వేసికొని ప్రొద్దుగుంకువరకు కూర్చుంటిని. పనివాడు పాతికేండ్ల కుర్రవాడు, మాచర్లవైపు వాడే. మొదట నేలపై నీళ్లు చల్లెను. ధూళి లేవకుండుటకట. "ఒక్క నలుసు లోపల ఇరుక్కుందంటే బాబాయ్ గారూ, అది పదేళ్లు మనల్నే చూస్తా ఉంటది" అనెను. తదుపరి రంగును కడిగి, బంకమట్టివంటి యొక ముద్దతో మెల్లగా రుద్ది, చేతికి తెలియని గరకును గూడ తీసివేసెను. కంప్యూటరుచే ఆ కారు కొలతలకే కత్తిరింపబడిన ఫిల్మును విప్పి, దానిపైనను బానెట్టుపైనను షాంపూ చుక్క కలిపిన నీటిని ధారాళముగా చిమ్మి పరచగా, అది నీటిపై తామరాకువలె తేలుచు అటునిటు జరిగినది. అంచులు సరిపోయిన పిమ్మట రబ్బరు పలకతో నడుమనుండి చివరలకు నీటిని త్రోయుట ఆరంభించెను. ఆ త్రోపులో తొందర లేదు, ఒత్తిడి హెచ్చుతగ్గులు లేవు. మగ్గముముందు కూర్చున్న సాలెవాని చేతిలో కనిపించు లయ అది. మూలలయందు ఫిల్మును సాగదీసి, వేడిగాలి చూపి, రేకు అంచు క్రిందికి మడిచెను. మడుచుటకు వీలులేని చోట సన్ననిగీత యొకటి మిగులును. "వేరే ఊళ్లల్లో ఆ గీత నల్లగా కనపడతది. మన పిడుగురాళ్ల సున్నానికి తెల్లగా కనపడతది" అని నవ్వెను. ఫిల్మును కారుమీదనే పెట్టి కత్తితో కోయువారున్నారు గదా యని యడిగితిని. "కోస్తారు. కత్తి పైపొరతో ఆగిందో, కింద రంగును కూడా కోసిందో, ఫిల్ము పీకినప్పుడు గాని తెలవదు" అనెను.

నా ముచ్చట తీర్చుటకు ఒక ఫిల్ముముక్కను తీగబ్రష్షుతో గీకి, దానిపై వేడినీరు పోసెను. గీతలు కన్నులయెదుటనే పూడి మాయమైనవి. వేడి తగులగానే పైపొర తన పూర్వాకారమును స్మరించుకొనునట. లోతైన గాటు మాత్రము మానదు. రెంటచింతల యెండలో నిలిపితే వేడినీళ్ల ఖర్చు కూడ లేదని నేనంటిని. ప్రతి వేసవియందును మండుటెండకు పత్రికల కెక్కు ఆ యూరికి ఇట్టి యుపయోగమొకటి కలుగుట సంతోషకరము. సిరామిక్ కోటింగును గూర్చి యడుగగా, అది ఒకటి రెండు మైక్రాన్ల పూత యని, నీరు నిలువదు, మురికి తేలికగా పోవును, అంతియే గాని రాయికి అడ్డు కాదని యుత్తరమిచ్చెను.

మరియొక మాట చెప్పి యతడు నన్ను సిగ్గుపడునట్లు చేసెను. తనయొద్దకు వచ్చు కార్లపై రాతిదెబ్బలకంటె పొడిగుడ్డ గీతలే యధికమట. సున్నపుధూళి మంచుతో కలిసి క్షారమై రంగును తినుననుట నిజమే. అందుకు విరుగుడు నీరు. మనమో, ప్రతి యుదయమును ప్రేమతో, పొడిగుడ్డతో ఆ ధూళినే కారంతయు రుద్దుచుందుము. పదకొండేండ్లు నేను చేసినది సరిగా నదియే.

ధరలు: కారంతయు కప్పుటకు లక్షా ఇరువదివేలు, ముందుభాగమునకు మాత్రము ముప్పదియెనిమిదివేలు. ఈ రెండంకెల నడుమ నేను మరి నాలుగు దినములు ఊగితిని. అంతయు కప్పినచో నిశ్చింత. కాని ఆ నిశ్చింత నా కారు కొరకా, పొరుగువాని చూపు కొరకా? ఈ మీమాంసలో నుండగా గురజాల దగ్గరి పల్లెనుండి మా బావగారు వచ్చెను. ఆజన్మ కృషీవలుడు. సంగతి యంతయు విని, "ఏంది బావా, ఎద్దుకు నాడా యాడ కొట్టిస్తాం?" అనెను.

"గిట్టకు" అంటిని.

"మరి బండికి ఇనప పట్టా?"

"చక్రానికి."

"అంతే. రాయి తగిలే కాడ కొట్టించు. ఎద్దు ఒంటికంతా నాడాలు కొట్టిచ్చినోణ్ణి నేనైతే చూళ్ళా" అని చుట్ట వెలిగించెను.

పదునారు దినముల నా విచారణను ఆయన అర నిమిషమున ముగించెను. బానెట్టు, బంపరు, అద్దముల చిప్పలు, తలుపుల అంచులు, వెనుక చక్రములముందరి రేకు, వీనికి మాత్రమే ఫిల్ము వేయించితిని. తక్కిన దేహము ఎండకు, వానకు, కాకులకు వదలివేసితిని. అంతకుముందు రోజు మాత్రము మా యావిడ పట్టుపట్టి కోటప్పకొండకు కారును తీసికొనిపోయి పూజ చేయించినది. ఫిల్ము అంటించిన వారము దినములు దానిని తడుపరాదని, పసుపు కుంకుమలు అసలే వలదని పనివాడు ముందే హెచ్చరించియుండెను. ఆ కొండమీది త్రికోటేశ్వరునికి ఈ నియమముతో పని లేదు గనుక కాలక్రమమును మేమే సవరించుకొంటిమి.

మొన్న మొదటిసారి మాచర్లకు పోయితిమి. పిడుగురాళ్ల దాటగానే రాతిలోడు లారీ యొకటి ముందు తగిలినది. మీద పట్టా లేదు, త్రాడును లేదు. గతుకుగతుకునకు చిన్న రాళ్లు రాలుచుండగా, ఒకటి టప్పున వచ్చి బానెట్టును కొట్టినది. ప్రక్కకు దిగి చూడగా ఫిల్ముమీద గోటి గీతవంటి జాడ తప్ప రంగునకు హాని లేదు. నాకు కలిగిన సంతోషము ఎంతో సేపు నిలువలేదు. ఏలయన, మా వెనుకనే వచ్చిన మోటారుసైకిలు మీద, మొగమునకు తువాలు చుట్టుకొని, నడుమ పసిపిల్లను కూర్చుండబెట్టుకొని ఆలుమగలు మమ్ము దాటి అదే లారీ వెనుకకు పోయిరి. ఆ తువాలు మందము ఎన్ని మైక్రాన్లో నేనెరుగను.

పల్నాటి లారీ యజమానులకు నా మనవి యొక్కటే: క్వారీ గేటు దాటకముందే లోడుమీద పట్టా పరపించి, త్రాడు బిగించి కట్టింపుడు.