పేనికలో నిలిచే బొచ్చు

అంకిస నుంచి సిరొంచకు వచ్చి గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, ఆ పైన దసలి పట్టుకు పేరున్న మహదేవ్‌పూర్. మద్ది చెట్ల మీద పెరిగే దసలి పురుగు కట్టే కాయ చాలా గట్టిది, ఉడకబెడితే గానీ పోగు రాదు. పైనున్న చిక్కు తీసేసి, కొన్ని కాయల పోగులను కలిపి ఒక చేత్తో లాగుతూ, రెండో అరచేత్తో తొడ మీద దొర్లించి పేనడం పాత పద్ధతి. ఎక్కువగా ఆడవాళ్లే చేసే పని. తొడ చర్మం ఒరుసుకుపోతుంది కాబట్టి యంత్రాలు రావడం మంచిదే. అయినా పోగు సన్నబడిన సంగతి అరచేతికే ముందు తెలిసి, అక్కడే ఇంకో కాయ పోగు కలిపే ఆ నేర్పు అపురూపం.

అమెరికాలో ఒకాయన కూడా తొడనూ అరచేతినీ ఇలాగే పనిముట్లుగా చేసుకున్నాడు. పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌కు చెందిన జేమ్స్ లైసెన్‌రింగ్ ట్రౌట్ చేపల కోసం ఫ్లైలు కట్టేవాడు. ఫ్లై అంటే గాలానికి దారం, బొచ్చు, ఈక చుట్టి చేసే ఉత్తుత్తి పురుగు. ఆయన పద్ధతులు 1941లో పుస్తకంగా వచ్చాయి. ట్రౌట్‌కు చల్లని నీళ్లు కావాలి. మన దేశంలో హిమాలయాల్లో, నీలగిరుల్లో ఉంటుంది గానీ గోదావరిలో బతకదు.

ఫ్లైకి ప్రాణం దాని ఒళ్లు. సన్నని పట్టుదారానికి తేనెమైనం రాసి తొడ మీద పరుస్తారు. దాని మీద కుందేలు చెవి బొచ్చు పొడిపొడిగా చల్లుతారు, తోక వైపు పలచగా, మెడ వైపు కొంచెం దట్టంగా. పురుగు ఆకారం ఇక్కడే నిర్ణయమైపోతుంది. పైన రెండో పట్టుపోగు ఆనించి అరచేత్తో ఒక్కసారి దొర్లిస్తే రెండు పోగులూ మెలిపడి బొచ్చును మధ్యలో బిగించేస్తాయి. మైనం బొచ్చును కదలకుండా ఆపేది మెలిక పడేదాకానే. ఆ తర్వాత పట్టంతా మెలికదే. వెంట్రుకల కొసలు మాత్రం అన్ని వైపులా స్వేచ్ఛగా నిక్కి ఉంటాయి. జిగురుతో అతికిస్తే ఈ గుణం రాదు.

లోపలి పట్టు రంగు కనబడదు కదా అనిపిస్తుంది. తడిశాక చూడాలి. బొచ్చు సందుల్లోంచి పసుపు పట్టు లోలోపల మెరుస్తుంది. వెంట్రుకల మధ్య చిక్కిన గాలి బుడగలు ఆ మెరుపుకు తోడవుతాయి. అందుకే లైసెన్‌రింగ్ దారం రంగును కూడా బొచ్చు రంగంత పట్టుదలగా ఎంచేవాడు. పేనిన ఒళ్లను గాట్లు పెట్టిన అట్టల మీద బిగించి ఉంచితే మెలిక అలాగే స్థిరపడుతుంది. ఆయన మిత్రుడు డిక్ క్లార్క్ తొడకు బదులుగా ఈ పనికే ఒక చెక్కదిమ్మ తయారుచేశాడు. నాకు ఆ దిమ్మ మీద గౌరవం ఉంది. గాడిలో కింది పోగు కదలకుండా నిలుస్తుంది, బొచ్చు తీరుగా పరిచే తీరిక దొరుకుతుంది.

ఇక గాలానికి కట్టడం. దారంతో పునాది వేసి, పేనిన ఒంటిని తోక నుంచి మెడ దాకా పక్కపక్కనే చుట్టాలి. మెలిక విడిపోకుండా వేళ్ల బిగువు చూసుకోవాలి. మెడ దగ్గర కౌజుపిట్ట మెత్తని ఈకను ఒకటి రెండు చుట్లు చుట్టి, ముడి వేసి ముగించాలి. కోడిపుంజు మెడ ఈకలా బిరుసుగా ఉంటే పనికిరాదు. మూడో చుట్టు వేయాలన్న ఆశను అణచుకోవడం ఇక్కడి క్రమశిక్షణ, ఎందుకంటే దట్టమైన ఈక ఒంటిని కప్పేస్తుంది, పేనిన శ్రమంతా దాని వెనక దాగిపోతుంది.

ఇంత మెత్తదనం ఎందుకో వాడే పద్ధతి చెబుతుంది. ఫ్లైని ప్రవాహానికి ఎగువన వేసి, చేప ఉన్న చోటికి చేరేలోపు అడుగుకు దిగనిస్తారు. సరిగ్గా దాని ముందుకు వచ్చేసరికి గడ కదలికను ఆపుతారు. నీటి ఒత్తిడికి దారం బిగుసుకుని ఫ్లై పైకి లేస్తుంది. అంతవరకూ ఒంటికి అంటుకున్న ఈక పోగులు విచ్చుకుని, ముడుచుకుని, మళ్లీ విచ్చుకుంటాయి, పొర వదిలించుకుని పైకి ఈదే పురుగు కాళ్లు ఆడినట్టే.