చెల్కకు కావాల్సింది బంకమన్ను

ఒకే దిబ్బ నుంచి తోలిన పెంట రేగడిలో ఏళ్ల తరబడి కనిపిస్తుంది. ఎర్ర చెల్కలో మరుసటి ఏడాదికే జాడ ఉండదు. చెల్క రైతు పెంట మంచిది కాదనుకుంటాడు. లోపం పెంటలో లేదు, దాన్ని పట్టి ఉంచే మట్టిలో ఉంది.

పెంటనూ రాలిన ఆకునూ మట్టిలోని సూక్ష్మజీవులు తింటాయి. తినగా మిగిలింది బంకమన్ను రేణువులకు అంటుకుంటే ఆ జీవులకు అంత తేలిగ్గా అందదు. రేగడిలోని స్మెక్టైట్ అనే ఖనిజం ఈ పనిలో గట్టిది. ఒక్క గ్రాము పొరలన్నీ విప్పి పరిస్తే ఆరు నుంచి ఎనిమిది గుంటల నేల! చెల్కలోని కయోలినైట్‌కు గ్రాముకు గుంటలో మూడో వంతు కూడా రాదు. ఎరుపునిచ్చే ఇనుప ఆక్సైడ్లు కొంత పట్టుకుంటాయి గానీ, ఇసుకపాలు ఎక్కువైన చోట అవెంతని ఆపగలవు?

అలాగని నల్లనేల రైతు నిశ్చింతగా ఉండకూడదు. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే భూసార పరీక్షలో తక్కువ అని రాస్తారు. ఎంతో నల్లగా కనిపించే రేగళ్లకూ ఆ మాట పడుతోంది. ఖనిజం దాచినదాన్ని మన దుక్కి బయటపెడుతోంది. గట్టు మీది దున్నని మట్టి పెళ్లను నలిపి చూడండి, చిన్న చిన్న గుళికలుగా విడిపోతుంది, మధ్యమధ్య సన్నని వేళ్లు. ఆ గుళికల లోపలే కర్బనం భద్రంగా ఉంటుంది. రోటవేటర్ రెండు సాళ్లు తిరిగితే గుళిక పగిలి గాలి సోకుతుంది, తొలకరి పడగానే జీవులు విజృంభిస్తాయి.

పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1976 నుంచి రేగడిలో నడిపిన ప్రయోగం నాకెంతో ధైర్యమిస్తుంది. వానాకాలం భూమిని ఖాళీగా ఉంచి యాసంగి పంటే వేసే పాత పద్ధతి కంటే, కందితో కలిపి పంటలు వేసి నీటినీ మట్టినీ కాపాడిన చోట కర్బనం పెరిగింది. ఖనిజం అదే, సేద్యం మారింది.

మరి చెల్కలో? పెంట ఒక్కటే తోలితే చాలదు, దాన్ని పట్టుకునే బంకమన్నునూ తోలాలి. చెరువు మట్టి తోలిన మన పెద్దలు చేసింది అదే. అయితే జేసీబీ ఎక్కడ తవ్వితే అక్కడిది ట్రాక్టర్‌లో నింపుకోవద్దు. వాగు కలిసే పక్క ఇసుక మేట వేస్తుంది, మెత్తటి ఒండ్రు కట్ట వైపు లోతులో దిగుతుంది. పిడికెడు తడిపి అరచేతుల మధ్య తాడులా పేనండి. విరక్కుండా సాగితేనే తోలించండి.